చేపకి చలేసిన రాత్రి

రాత్రి పదిన్నరకి కరెంటు పోయింది.

పెదబయలులో డిసెంబరు నెల్లో కరెంటు పోతే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఆ వేళకి ఊరు ఊరంతా దుప్పట్లో దూరిపోయి ఉంటుంది. ఫ్యానుతో పని లేదు, ఏసీ మాట అసలే లేదు. కానీ వీధి చివరి ఇంట్లో జీవశాస్త్రం మాస్టారు దిగ్గున లేచి కూర్చున్నారు. ముందు గదిలో రాత్రీపగలూ బుడబుడమంటూ ఉండే నీళ్ల చప్పుడు ఆగిపోయింది మరి. ఆ చప్పుడుకి అలవాటు పడ్డ చెవికి నిశ్శబ్దమే అలారం!

టార్చిలైటు తీసుకెళ్లి చూశారు. గాజుతొట్టెకి అతికించిన థర్మామీటరు 28 డిగ్రీలు చూపిస్తోంది. గదిలో చలి 14. తొట్టె మూలన ఇసుకలో చిన్న గుంట, ఆ గుంటలో చేపపిల్లల గుంపు. ఆవగింజకి తోక తగిలించినట్టు ఉంది ఒక్కొక్కటీ. ఈదడం నేర్చుకుని అయిదు రోజులే అయింది. వాటి మీద రెక్కలు అల్లాడిస్తూ తల్లీ తండ్రీ.

"లైను మీద చెట్టు పడిందట మాస్టారూ, పొద్దున్నగానీ రాదు" అని పక్కింటి కిటికీలోంచి మాట వినిపించింది.

మాస్టారికి గుండె జారిపోయింది. అప్పటికి రెండుసార్లు పిల్లల్ని పోగొట్టుకున్నారు. ఇది మూడోసారి.

* * *

అసలు ఆ ఇంటికి చేపలొచ్చింది అమ్మాయి వల్ల. పదో తరగతిలో ఉండగా ఓ గుండ్రటి గాజుబుడ్డీలో గోల్డ్‌ఫిష్‌ తెచ్చి పెంచింది. రెండు నెలలు బతికిందది. ఇలాంటి బుడ్డీలో ఏ చేపైనా అంతే. గాలి తగిలే పైభాగం తక్కువ, నీళ్లు తక్కువ, చేప విసర్జించింది పోయే దారి లేదు. జీవశాస్త్రం చెప్పే తండ్రి ఇంట్లో ఉండి కూడా ఆ సంగతి ముందే చెప్పలేకపోయారని అమ్మాయి నిష్ఠూరమాడింది. ఆ జూన్‌లో ఇంటర్‌ చదవడానికి విశాఖపట్నం హాస్టలుకి వెళ్లిపోయింది. ఇల్లు బోసిపోయింది. నెల తిరక్కుండా మాస్టారు రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గాజుతొట్టె ఒకటి తెచ్చి ముందు గదిలో పెట్టారు. యాభై లీటర్ల పైచిలుకు నీళ్లు పడతాయందులో.

"చేపలు లేని నీళ్లని నెల రోజులు చూస్తూ కూర్చుంటారా?" అని ఆవిడ నవ్వింది. నిజంగానే కూర్చున్నారు. కొత్త తొట్టెలో వెంటనే చేపల్ని వేయకూడదు. చేప విసర్జించేదాంట్లో అమ్మోనియా ఉంటుంది, అది చేపకే విషం. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం బ్యాక్టీరియా వచ్చి నైట్రేట్‌గా మార్చాక గానీ ప్రాణానికి తెరిపి ఉండదు. ఆ నైట్రేట్‌ని మొక్కలు ఎరువుగా తాగేస్తాయి. ఈ కంటికి కనిపించని సంసారం ఇసుకలోనూ ఫిల్టరు స్పాంజిలోనూ కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చలి ప్రదేశంలో ఇంకాస్త ఎక్కువే. దుకాణాల్లో తొట్టె, చేపలు ఒకేరోజు కొనుక్కుని వారం తిరక్కుండా మళ్లీ చేపలకోసం వచ్చేవాళ్లంతా ఈ లెక్క దగ్గరే తప్పుతారు.

మొక్కలకి మాత్రం కొదవ లేదు. చెరువు నాచు, రిబ్బన్లలా సాగే వాలిస్నేరియా ఇవన్నీ ప్రపంచమంతా అక్వేరియంలలో పెంచుకునే మొక్కలే. మన కుంటల్లో ఊరికే దొరుకుతాయి. బడి ఆవరణలో రాలిన బాదం ఆకుల్ని ఎండబెట్టి రెండు వేశారు. నీళ్లు లేత టీ రంగులోకి తిరిగాయి. చూసేవాళ్లకి మురికిలా ఉంటుంది గానీ, ఆకు వగరు దిగిన ఆ నీళ్లంటే సున్నితమైన చేపలకి ప్రాణం. గుడ్లకి బూజు పట్టకుండా కూడా ఎంతోకొంత అడ్డుకుంటుందని పెంపకందార్ల నమ్మకం.

ఇక నీళ్లు. చేపల పెంపకంలో సగం విద్య నీళ్లదే. మైదానంలో చాలాచోట్ల బోరునీళ్లతో సబ్బు నురగ రాదు, బకెట్‌ అంచున తెల్లటి పొర కడుతుంది. అది సున్నం. ఆ నీళ్లలో కొన్ని జాతులు బతుకుతాయిగానీ వాటి గుడ్లు సరిగా పిల్లలు కావు. కొండ మీద వాగునీళ్లలో అయితే సబ్బు ఒకపట్టాన వదలదు. రుద్దిన కొద్దీ జారుతూనే ఉంటుంది. అంటే నీళ్లు మెత్తన. అలాగని ఏజెన్సీ నీళ్లన్నీ ఒకటే అనుకోవడానికి లేదు. ఇదే అల్లూరి సీతారామరాజు జిల్లాలో బొర్రా గుహలున్నాయి. అక్కడి సున్నపురాయిని బొట్టు బొట్టుగా కరిగించుకుంటూ వచ్చిన నీళ్లే పైనుంచి వేలాడే రాతి ఊడల్ని చేశాయి. ఆ నీళ్లు తెచ్చి తొట్టెలో పోస్తే మాస్టారి లెక్కంతా తలకిందులు!

* * *

మాస్టారు ఎంచుకున్న చేప పేరు రామ్‌. దుకాణం వాళ్లు బ్లూరామ్‌, జర్మన్‌రామ్‌ అంటారు. పేరు విని ఆవిడ భక్తిగా చూసింది గానీ దానికీ రాములవారికీ సంబంధం లేదు. దక్షిణ అమెరికాలో వెనిజులా, కొలంబియాల మధ్య ఒరినోకో నది పరీవాహకంలో విశాలమైన పచ్చిక మైదానాలున్నాయి. ఈ చేప అక్కడిది. మాన్యుయెల్‌ రామిరేజ్‌ అనే సేకర్త పేరుమీద 1948లో మైయర్స్‌, హ్యారీ అనే శాస్త్రవేత్తలు దానికి రామిరేజీ అని పేరుపెట్టారు. అందులో మొదటి ముక్క మాత్రమే మనదాకా వచ్చింది. రెండంగుళాల చేప. పసుపు ఒంటి మీద నీలం చుక్కలు, కంటి మీదుగా నల్లటి గీత. ఆడచేపకి పొట్ట దగ్గర గులాబీ రంగు పూసినట్టుంటుంది.

రెండు వందల ఏళ్ల కిందట ప్యాట్రిక్‌ రస్సెల్‌ అనే స్కాట్లండ్‌ వైద్యుడు విశాఖపట్నంలో కూర్చుని రెండు వందల రకాల చేపల బొమ్మలు గీయించి, వాటికి మన జాలర్లు పిలిచే పేర్లనే ఇంగ్లిష్‌ అక్షరాల్లో రాసుకున్నాడు. ఆ పుస్తకం 1803లో లండన్‌లో అచ్చయింది. అదే విశాఖలో ఇవాళ అక్వేరియం దుకాణంలోకి వెళ్తే ఒక్క చేపకీ తెలుగు పేరు లేదు!

విచిత్రమేమిటంటే, అక్కడి చేప కోసం మనం ఎగబడుతున్నట్టే మన చేప కోసం వాళ్లూ ఎగబడ్డారు. మన ఉపఖండంలో వాగుల్లోనూ వరిమళ్ల కాలవల్లోనూ నీలం చారలతో తిరిగే వేలెడు చేప ఒకటుంది. 1822లో హామిల్టన్‌ దాన్ని పుస్తకంలోకి ఎక్కించాడు. జీబ్రాఫిష్‌ అంటే ప్రపంచమంతా తెలుసు. దాని గుడ్డు అద్దంలా ఉంటుంది, ఒక్క రోజులోనే లోపల గుండె కొట్టుకోవడం కనిపిస్తుంది. అందుకే హైదరాబాద్‌ సీసీఎంబీతో సహా ఎన్నో ప్రయోగశాలల్లో దాన్ని పెంచుతున్నారు. చలికీ అంతగా బెదరదు. 'అదేదో పెంచుకుంటే ఈ బాధలుండేవి కాదుగా' అని మీకు అనిపించవచ్చు. ఆవిడకీ అలాగే అనిపించింది. కానీ అమ్మాయి ఫోన్లో అడిగింది రామ్‌నే. ఏదో పుస్తకంలో బొమ్మ చూసిందట.

మన దుకాణాల్లోకి వచ్చే రంగు చేపల్లో చాలాభాగం చెన్నై కొళత్తూర్‌ లాంటి చోట్ల పెంచినవి. పుట్టింది అక్కడి తొట్టెల్లోనే అయినా స్వభావం మాత్రం ఒరినోకోదే. 27 నుంచి 30 డిగ్రీల వేడి కావాలి, నీళ్లు మెత్తగా ఉండాలి, ఏ మార్పూ హఠాత్తుగా రాకూడదు. ఒక జంటని ఆక్సిజన్‌ నింపిన కవరులో పెట్టి, కవరుని ఉన్ని శాలువాలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని మాస్టారు బస్సెక్కారు. మధ్యలో వడ్డాది వచ్చింది. ఒకప్పుడు ఒడ్డాది పేరుతో మత్స్య వంశపు రాజులు ఏలిన చోటు. వాళ్ల సంతతిమని చెప్పుకునే మాడుగుల జమీందార్లు చేపని పూజించేవారు. ఆ దారిన చేపలు ఒళ్లో పెట్టుకుని ఘాట్‌రోడ్డు ఎక్కడం ఏదో శుభసూచకంలా తోచింది మాస్టారికి.

* * *

మొదటిసారి గుడ్లు సెప్టెంబరులో పెట్టింది. చదునైన రాయిని రెండూ కలిసి నోళ్లతో శుభ్రం చేశాయి. సాయంత్రం వేళ ఆడచేప రాయిని తాకుతూ వరసగా వెళ్తే, వెనకే మగచేప. రాత్రికి వందకి పైగా గుడ్లు, గసగసాలు చల్లినట్టు! ఆ రోజుల్లోనే ఆవిడ తల్లి ఇంటికొచ్చింది.

ఆ పెద్దావిడది హుకుంపేట వైపు. మత్స్యగుండం దగ్గరి ఊరు. మత్స్యగుండం గురించి 1907 నాటి విశాఖ జిల్లా గెజిటీర్‌లోనే రాసి ఉంది. మాచ్‌ఖండ్‌ నది ఓ రాతి గోడ కిందకి దూరి మాయమై, వంద గజాల అవతల బయటపడుతుంది. అక్కడి మడుగులో మహసీర్‌ చేపలు చేతిలోంచే తిండి తినేవట, వీపు నిమిరినా బెదిరేవి కావట. ఎవరూ పట్టరు. ఓ బంజారా వర్తకుడు ఒకదాన్ని పట్టి కూర వండుకుంటే చేపల రాజు శపించాడనీ, అతనూ అతని ఎడ్లూ రాళ్లయిపోయారనీ కథ. శివరాత్రికి అక్కడ తీర్థం. చేపలకి తిండి పెట్టడం కూడా పూజలో భాగమే.

అలాంటి ఊళ్లో పుట్టిన మనిషి ఇంట్లో చేపల తొట్టె చూస్తే ఏం చేస్తుంది? పొద్దున్నే లేచి, దణ్ణం పెట్టుకుని, గుప్పెడు మరమరాలు చల్లింది. ఒకసారి కాదు, మూడు పూటలా. నది అయితే పారుతూ ఉంటుంది, కొట్టుకుపోతుంది. యాభై లీటర్ల తొట్టెలో ఆ మరమరాలు నాని, అడుక్కి దిగి, కుళ్లాయి. రెండో రోజుకి నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. గుడ్లు బూజుపట్టి పోయాయి. సగం నీళ్లు మార్చి మార్చి తల్లినీ తండ్రినీ దక్కించుకునేసరికి మాస్టారికి తల ప్రాణం తోకకొచ్చింది.

"ఏటి బాబూ, దేముడి చేపలకి కూడెట్టకుండా ఉంటామేటి?" అంది పెద్దావిడ. దానికేం చెప్పాలో మాస్టారికి తోచలేదు. ఏమీ చెప్పలేదు.

రెండోసారి తప్పు మాస్టారిదే. అక్టోబరులో పిల్లలయ్యాయి. ఈదాయి కూడా. పూటపూటకీ తగ్గిపోతున్నాయి. ఎనభై ఉన్నవి నలభై, నలభై ఉన్నవి పన్నెండు. తల్లిదండ్రులే తినేస్తున్నాయనుకున్నారు. కుర్ర జంటలకి ఆ అలవాటుంది, ఏమాత్రం బెదిరినా సొంత గుడ్లు తామే మింగేస్తాయి. చివరికి దొరికిన దొంగ వేరు. కుంటలోంచి తెచ్చిన నాచు వెంట వచ్చిన తూనీగ పిల్ల! గాలిలో ఎగిరే తూనీగ అందమే గానీ, నీళ్లలో బతికే దాని పిల్ల పచ్చి వేటగాడు. మట్టిరంగులో కదలకుండా కూర్చుని, మడిచిన దవడని చెయ్యిలా చాచి పట్టేస్తుంది. తరగతిలో బొమ్మ గీసి పాఠం చెప్పిన పురుగే. ఇంట్లో కనిపిస్తే పోల్చుకోలేకపోయారు. అప్పటినుంచీ బయటి మొక్క ఏదైనా వారం రోజులు వేరే బకెట్లో ఉన్నాకే తొట్టెలోకి వెళ్లేది.

మూడోసారికి తయారీ గట్టిగా జరిగింది. ఎండుగడ్డి నానబెట్టిన నీళ్లలో కంటికి కనబడని జీవులు పుట్టాయో లేదో బడి మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. పిల్లల మొదటి తిండి అదే. తర్వాత ఉప్పునీటి సీసాలో ఆర్టీమియా గుడ్లు పొదిగించడం. ఒకటిన్నర రోజులో నారింజ రంగు ధూళిలా లేస్తాయి. ఆవిడ వంటింటి గట్టు మీద ఒక మూల ఈ సీసాలకే పోయింది. "నా పోపులడబ్బాకి చోటు లేదు గానీ..." అని సణుక్కుంటూనే, ఆయన బడికి వెళ్లాక టైముకి పిల్లలకి తిండి వేసేది ఆవిడే. అమ్మాయి ఫోన్‌ చేస్తే ఇదివరకులా 'తిన్నావా' అన్న ఒక్క ప్రశ్నతో ఆగడం లేదు తల్లి. తండ్రి చేప దారి తప్పిన పిల్లని నోట్లోకి తీసుకుని గుంపులో ఎలా ఉమ్మిందో అయిదు నిమిషాలు వర్ణించేది. సంక్రాంతికి వస్తానంది అమ్మాయి. అప్పటికి ఉంటాయా అనడిగింది.

* * *

పదకొండింటికి 27. పన్నెండు కాకముందే 25న్నర.

"ఎంతదాకా తట్టుకుంటాయి?" అంది ఆవిడ, దుప్పటి కప్పుకుని వచ్చి.

"పెద్దవి ఇంకో రెండు మూడు డిగ్రీలు. పిల్లల సంగతి చెప్పలేం."

చలి ఒక్కటే కాదు. పగలు ఆక్సిజన్‌ ఇచ్చే మొక్కలు రాత్రిపూట చేపలతో పాటు తామూ దాన్ని వాడుకుంటాయి. గాలి పంపు ఆగిపోతే నిండా మొక్కలున్న తొట్టె తెల్లారుజామున ఉక్కిరిబిక్కిరవుతుంది. ఫిల్టరులోని బ్యాక్టీరియా కూడా ఊపిరాడక చస్తుంది. మాస్టారు చేతి గడియారం ఎదురుగా పెట్టుకున్నారు. పావుగంటకోసారి గిన్నెతో నీళ్లు తీసి, పైనుంచి సన్నటి ధారగా పోయడం. పిల్లలు గిన్నెలోకి రాకుండా మూతికి పల్చటి గుడ్డ.

వేడికి ఆవిడే దారి చూపింది. గ్యాసు సిలిండరు అడుగంటింది. పెరట్లో కట్టెలపొయ్యి రాజేసింది. మొదట ప్లాస్టిక్‌ సీసాలో వేడినీళ్లు పోస్తే సీసా ముడుచుకుపోయింది. అప్పుడు అటక మీంచి అమ్మాయి బడికి పట్టుకెళ్లిన స్టీలు నీళ్లసీసా దించింది. లీటరు సీసా. మాస్టారు కాగితం తీసుకుని లెక్క వేశారు. లీటరు నీళ్లు 70 డిగ్రీల నుంచి 27కి చల్లారితే, యాభై లీటర్లు ఒక డిగ్రీ కూడా పూర్తిగా పెరగవు. ఆ పెరిగిన ముప్పాతిక డిగ్రీని బయటి చలి అరగంటలో లాగేసుకుంటుంది. అంటే తెల్లారేదాకా అరగంటకో సీసా.

"లెక్క తర్వాత. ముందు మూత గట్టిగా పెట్టండి" అంది ఆవిడ.

తొట్టె చుట్టూ రెండు దుప్పట్లు, ఒక రగ్గు. ముందు వైపు అరచేతి వెడల్పు సందు, థర్మామీటరు చూడ్డానికి. టార్చి వెలుగు నేరుగా పడితే తల్లిదండ్రులు బెదిరి పిల్లల్ని తినేస్తాయని దానికి ఎర్రగుడ్డ కట్టారు. ఒక సీసా తొట్టెలో తేలుతుంటే రెండోదానికి పొయ్యి మీద నీళ్లు. బయట మంచు. పొయ్యి దగ్గరికీ తొట్టె దగ్గరికీ ఆవిడ నడక. రెండు గంటలకి 25. మూడింటికి 24న్నర. నాలుగింటికీ అంతే. అక్కడ ఆగింది.

ఆ మధ్యలో వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో మాస్టారికి సరిగా గుర్తులేదు. చాలా మాట్లాడుకున్నారట. అమ్మాయి పుట్టినప్పుడు పాడేరు ఆస్పత్రి దాకా జీపులో వెళ్లిన రాత్రి గురించి కూడా వచ్చిందట.

ఏడున్నరకి కరెంటొచ్చింది. హీటరు ఒక్కసారిగా 28కి లాగకుండా మెల్లగా పెంచారు. దుప్పట్లు తీసి చూస్తే గుంటలో కొన్ని పిల్లలు కదలడం లేదు. ఆ రోజూ మర్నాడూ ఇంకొన్ని పోయాయి. మిగిలినవి పదకొండు.

* * *

సంక్రాంతికి అమ్మాయి వచ్చింది. బ్యాగు కూడా దించకుండా తొట్టె ముందు కూర్చుని లెక్కపెట్టింది. పన్నెండంది. మాస్టారు కాదన్నారు. ఒకటి బాదం ఆకు కింద దాక్కుని ఉందట ఇన్నాళ్లూ. అప్పటికి అవి వేలిగోరంత అయ్యాయి, నీలం ఇంకా రాలేదు.

పన్నెండింటిని ఆ తొట్టెలో ఉంచలేరు. నాలుగింటిని బడి ప్రయోగశాలకి ఇవ్వాలనీ, మిగతావి విశాఖలో తెలిసినవాళ్లకి పంపాలనీ అనుకున్నారు. వాగులో వదిలేస్తే పోలా అని ఓ కుర్రాడు సలహా ఇచ్చాడు. మాస్టారు ఎప్పుడూ లేనిది కోప్పడ్డారు. అక్వేరియం నుంచి బయటపడ్డ సక్కర్‌ చేప మైదానం చెరువుల్లో దెయ్యం చేప అని పేరుపడి రైతుల వలలు చింపుతున్న సంగతి ఆయనకు తెలుసు. మాచ్‌ఖండ్‌ నీళ్లు సీలేరై, శబరిలో కలిసి, గోదావరి దాకా పోతాయి. తొట్టె మార్చిన నీళ్లు కూడా వాగు వైపు పోకుండా పెరట్లో చిక్కుడు పాదుకే పోస్తారాయన. పాదు మాత్రం ఆ ఏడు విరగకాసింది.

శివరాత్రికి అందరూ మత్స్యగుండం వెళ్లారు. పెద్దావిడ ముందే వచ్చి కూర్చుంది. ఆవిడ సంచీలోంచి మరమరాల మూట తీసింది, చిన్నది కాదు, అయిదు కిలోలుంటుంది. మడుగు అంచున నిలబడి రెండు చేతులతో చల్లుతోంది. నీళ్లు గలగలమన్నాయి.

"ఇదెప్పటి మొక్కు?" అన్నారు మాస్టారు.

"మూడో సీసా కాచినప్పుడు" అంది ఆవిడ.